బుగులు పుస్తకాల పిల్ల

కూసో అల్లుడా, కూసో. గడపల నిలవడి ఇల్లంత కండ్లతోటి దేవులాడుతున్నవేంది? ఉన్నయే రెండు అర్రలు. ఆ తలుపెనుక ఏం లేదు, ఇస్తిరి చెయ్యని బట్టలు, ఒక పాత కూలరు. నమ్మవా? పో, సూసిరా పో. నేనేం అడ్డం రాను.

సూసినవా? లేదు గదా? ఇగ కూసో మరి.

అల్లుడా అంటే గట్ల మొకం పెడ్తవేంది? నిరోషకు మొగునివైనంక నాకు అల్లునివే. ఆ పిల్లను నేను కనలేదు గనీ, నేను కన్న కొడుకు గూడ నా పక్కల గట్ల కూసోని ముచ్చట చెప్పలె. "నా పేరు దివాకర్, పోచంపల్లి నుంచొచ్చిన, మా ఆమె ఈ ఇంట్ల ఉన్నదని తెలిసింది" అంటివి గేటుకాడ. తెలిసిందట! ఎట్ల తెలిసిందో నువ్వు చెప్పలె. నువ్వు చెప్పవు. నేనే చెప్త, చాయ్ తాగు.

అరుగు మీద వల కుట్టుకునేటోడు మా విజేందర్, నా కొడుకు. వాడు లోపలికి రాడు. నువ్వు నెమ్మదిగున్నంత సేపు వాడు గూడ నెమ్మదిగనే ఉంటడు.

నా పేరా? సైదమ్మ. కాలువల ఆఫీసుల అటెండర్ చేసి రిటైరైన. ఇంకేమన్న అడుగుతవా? అడుగవు. నీకు అడిగేటిది ఒక్కటే ఉన్నది, దానికాడికే వస్తున్న. జర ఓపిక పట్టు. నువ్వు ఓపికున్న మనిషివే, అది నాకు ఎర్కే.

నిరోష గీ నందికొండల, సాగర్ డ్యాం ఊర్ల, బస్సు దిగిన నాడు నేను పైలాన్ స్తంభం కాడ కూరగాయలు కొంటున్న. ఒక సంచి పట్టుకొని, ఎటు పోవాల్నో తెల్వక, ఎండల గట్లనే నిలవడ్డది. ఏ ఊరు బిడ్డా అంటే చెప్పలె. పేరేంది అంటే అనూహ్య అన్నది. నేను నమ్మిన. ఎందుకు నమ్మ? మొకం జూస్తే అబద్ధమాడే మొకమా అది? ముందటి అర్ర ఖాళీగుండె, కిరాయికిచ్చిన.

సంచిల ఏమున్నయో ఎర్కనా? రెండు చీరలు, ఒక సగం పుస్తకం. అట్ల సూడకు, సగమే. ముందటి సగం ఉన్నది, వెనుకటి సగం ఎవలో గుంజి చింపినట్టున్నది. చీరలకంటె ముందుగాల ఆ పుస్తకాన్ని తీసి దిండు కింద పెట్టుకున్నది. నేను బైబిలేమో అనుకున్న. తెరిచి సూస్తే దయ్యం కథ!

నవ్వొచ్చింది నాకు. తరువాత దాని కుడిచెయ్యి సూసిన. రెండు వేళ్లు ముడుచుకోవు. పోచంపల్లిల దారాలకు చిటికి కట్టిన చెయ్యట అది, రంగు ఏడ అంటాల్నో ఏడ అంటొద్దో గా సన్నని ముడుల తోటి లెక్కగట్టే చెయ్యి. ఏమైంది బిడ్డా అంటే, తలుపుల పడ్డయి పెద్దమ్మా అన్నది. తలుపు దానంతటదే మూసుకున్నదా అన్న. చాన్నాళ్లకు చెప్పింది, చదువుకుంట కూసుంటే పుస్తకం గుంజి చింపినవట, అది ఇయ్యమని గుమ్మంల చెయ్యి పెట్టిందట. నువ్వు తలుపు మూసినవట.

తాగు తాగు, చాయ్ సల్లారుతది.

హిల్ కాలనీల జిరాక్స్ దుకాణంల పనికి పెట్టిచ్చిన. పొద్దుగాల పోయేది, పొద్దుమీకేసరికి వచ్చేది. ఎవలతోటి మాటలేదు. బజార్ల ఎవలన్న గట్టిగ పిలిస్తే గోడకు ఒదిగేది. సోకుల్లేవు, సినిమాల్లేవు. చేతిల ఫోను, అండ్ల భయం పుట్టిచ్చే బుగులు పుస్తకాలు. గంతే.

ఒకనాడు నాకు కోపమొచ్చింది. "ఏమే పిల్లా, ఇప్పటికే ఎవలు పిలిచినా జడుసుకుంటవు. మళ్లీ గీ దయ్యాలు, గీ బొందలు ఎందుకే నీకు?" అన్న.

ఏమన్నదో ఎర్కనా? "పుస్తకంల బుగులైతే మంచిది పెద్దమ్మా. పేజీ మూస్తే ఆగుతది" అన్నది.

నేను లోపలికి పోయి పప్పుకు పోపేసిన.

ఇగ మెల్లగ నాకు గూడ చదివి వినిపియ్యవట్టింది. ఐతారం పగటిపూట, నేను ప్రార్థనకు పోయొచ్చి తిని ఒరిగితే, అది గోడకు ఆనుకొని చదువుతుంటే... అబ్బో! గొంతు మార్చేది. ముసలి దయ్యానికొక గొంతు, పసిపిల్ల దయ్యానికొక గొంతు. నేను నడుమల నడుమల "అయ్యో ఆ బాయికాడికి ఎందుకు పోయిందే పిచ్చిది" అని తిట్టేది. అది పడీ పడీ నవ్వేది. నీ ఇంట్ల ఎన్నడన్న నవ్విందా అల్లుడా? నువ్విన్నవా ఆ నవ్వు?

నేల దిక్కు ఎందుకు సూస్తవు? సరే తియ్యి.

గప్పుడే ఫోన్ల ఆ గుంపుల చేరింది. నీకు చెప్పెడిదేముంది, నీకే బాగ తెలుసు. గనీ నా నోటితోటి ఇను. ఆడ ఎవలు ఏం చదివిన్రో రాసుకుంటరు. చదివినయి ఒక దిక్కు, చదువుతున్నయి ఒక దిక్కు, చదవాలనుకున్నయి ఒక దిక్కు. పుస్తకం ఎంత నచ్చితే దానికి అన్ని సుక్కలేస్తరు. "నాకు బుగులు పుట్టిచ్చే పుస్తకం చెప్పున్రి" అని ఒకలడిగితే, పది మంది వచ్చి ఇది చదువు, అది చదువు అని చెప్తరు. మంచి మనుషులే పాపం. మొకాలు తెల్వవు, ఊర్లు తెల్వవు. దయ్యాల దోస్తాన్!

అనూహ్య అనే పేరు మీద మా పిల్ల ఆడ రాసేది. ఎంత మంచిగ రాసేదో. రాసినంక నాకు సదివి వినిపిచ్చేది. జనం అడగవట్టిన్రు, "అనూహ్య గారూ, ఇప్పుడేం చదవమంటరు?" అని. గారు అన్నరు పెద్దమ్మా అని మురిసిపోయింది. ఇంట్ల ఏమని పిలిచేటోడివో నువ్వు? అది గూడ చెప్పింది గనీ నా నోటెంబడి రాదు ఆ మాట.

ఇగో, గప్పుడొచ్చింది స్వరూప.

ఏంది, చాయ్ గొంతుల పడ్డదా? నీళ్లు తాగు.

పాలమూరు స్వరూప. ఇంటిపట్టునుండే ఇల్లాలు, పిల్లలు బడికి పోయినంక పుస్తకాలు చదువుకుంటదట. మా పిల్ల ఏ పుస్తకం చదివిన అని పెడితే, నాలుగొద్దులు తిరుగకముందే ఆమె గూడ చదివిన అని పెట్టేది. "చెల్లే, నీ లెక్క రాసేటోళ్లు లేరు" అనేది. పెండ్లైనకాడికెల్లి ఒక్క పుస్తకం ముట్టని మొగోడు, పుస్తకం కనవడితే పొయ్యిల వెట్టిన మొగోడు... స్వరూప అని పేరు పెట్టుకొని, కూసోని ఎన్ని చదివినవు అల్లుడా! బుగులు పుస్తకాలు చదివే ఆడోళ్ల రాతలన్ని ఒక్కొక్కటి సదువుకుంట సదువుకుంట, అనూహ్య కాడికొచ్చి ఆగినవా? గా ఓపిక, గా పట్టుదల సంసారంల ఉంటే గీ పైలాన్ కాడ ఆ పిల్ల ఎండల నిలవడకపోయేది.

మొదలు మొదలు స్వరూపక్క చెప్పిన పుస్తకాలు మంచిగనే ఉండె. పత్తి మిల్లుల బొమ్మ కథ ఒకటి, నాకు గూడ నచ్చింది. ఆ తరువాత చెప్పిన పుస్తకంల ఒక కొత్త పెండ్లికూతురు ఇల్లిడిచి కాలువ వెంబడి పోతది. ఏ ఊరికి పోయి బాయిల బొక్కెనేసినా, నీళ్లల్ల మొగని మొకం కనవడ్తది. ఇంకొకటి చెప్పింది. అండ్ల ఒకామె పేరు మార్చుకొని వేరే ఊర్ల బతుకుతాంటె, పక్కింటి గోడెనుక నుంచి ఎవలో ఆమె పాత పేరు పిలుస్తరు. రోజు పిలుస్తరు. మెల్లగ.

నిరోష అవి గూడ చదివింది. సుక్కలు గూడ వేసింది. "స్వరూపక్క మంచిగ ఎంచుతది పెద్దమ్మా, నా మనసుల జొరవడి చూసినట్టు" అన్నది. నాకేందో అనుమానమైంది. గనీ నేనేమన్న? నాకేం తెల్సు?

స్వరూప నడుమల నడుమల చిన్న చిన్నగ అడిగేది. "మీకాడ వానలు వడ్డయా చెల్లే? మీ ఇంటికాడ నీళ్ల సప్పుడు ఇనవడ్తదా? కూసోని చదువుకునే జాగా చూపెట్టు, నాది గూడ చూపెడ్త." మా పిల్ల గూడ గోడ మీద పుస్తకం వెట్టి ఫోటో తీసి పెట్టింది. వెనుక ఏం కనవడకుండ తీసిన అన్నది. ఒక ముక్క ఆకాశం, ఒక ముక్క కొండ. "గాలి మంచిగొస్తదేమో" అని రాసింది స్వరూప.

ఇగ ఆ దినం. డ్యాం గేట్లెత్తిన్రు ఆ దినం, సాగర్ అంత జాతర లెక్కున్నది. హైదరాబాద్ బండ్లు, మక్క కంకులోళ్లు, పిల్లల లొల్లి. నేను గేటుకాడ నిలవడి జనాన్ని సూస్తున్న. పట్టపగలు, పని నడుమల, నిరోష వస్తాంది. నడుస్తలేదు, ఎవలో నూకినట్టొస్తాంది. మొకంల నెత్తురు చుక్క లేదు.

ఏమైందే అంటే ఫోను నా చేతిల పెట్టింది. అద్దాలు పెట్టుకొని సదివిన. స్వరూప రాసింది.

"నీ పుస్తకం ఆ పిల్ల వడ్ల గుమ్మిల దాక్కున్నకాడ ఆగింది గదా చెల్లే? మిగిలిన సగం నా దగ్గరున్నది. కలిసినప్పుడు చదివి వినిపిస్త."

ఆ సగం పుస్తకం ముచ్చట అది ఎవలకు చెప్పలేదు అల్లుడా. నాకు తప్ప ఎవలకు చెప్పలె, ఇగ చింపినోనికే ఎర్క.

అర్రల కూలవడ్డది. బయట మైకుల ఎవలో పిల్లగాడు తప్పిపోయిండని చెప్తున్నరు, జనం నవ్వుకుంట పోతున్నరు, ఇది నా కాళ్లు పట్టుకొని ఒక్కటే మాట. "పెద్దమ్మా, మూసినా ఆగుతలేదు. మూసినా ఆగుతలేదు."

నువ్వా మాట రాసేటప్పుడు నవ్వినవా? నిజం చెప్పు. నాకు తెల్సుకోవాల్నని ఉన్నది. నవ్వినవా, ఏడ్చినవా?

సరే, చెప్పకు.

ఒక ఠాణాకు పోయినం. ఏ ఠాణా అని అడుగకు. ఆడున్న సారు ఫోను అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. "పుస్తకం గురించి రాసిందమ్మా, ఎవలో ఆడామె. గీ దాంట్ల కేసేముంది?" అన్నడు. తిట్టు లేదు, బెదిరిచ్చుడు లేదు. ఉన్నదంత మర్యాదే. చెల్లే, చెల్లే అని ఎంత ముద్దుగ రాసినవో! మర్యాదకు ఎవలు కేసు పెడ్తరు?

నిరోష ఆ ఖాతా తీసేస్త అన్నది. నేనే వద్దన్న. తీసేస్తె గుర్తువట్టిందని నీకు తెలుస్తది, అప్పుడు నువ్వు ఆగవు. "నువ్వు పో బిడ్డా, అనూహ్య ఈడనే ఉంటది" అన్న. దానికి సమజ్ కాలె. ఫోను నాకిచ్చి పో, నేను రాస్త అన్న.

ఔ అల్లుడా. నేనే.

ఆ పిల్ల పోయినకాడికెల్లి నువ్వు చెల్లే చెల్లే అన్నది నన్ను! గీ అరవై దాటిన ముసల్దాన్ని! నోటితోటి చెప్తే ఫోనే రాసుకుంటది, తప్పులుంటే విజేందర్ దిద్దేటోడు. నువ్వు చెప్పిన పుస్తకాలన్ని చదివిన. కండ్లు మండినా చదివిన. నాకు రాత్రి నిద్ర పట్టకపోయేది, దయ్యాలకు కాదు, నీకు. గిసొంటి పుస్తకం ఏరి ఏరి ఒక ఆడపిల్లకు పంపేటోని మనసెట్లుంటదో అని.

ఒక్కపారి నాకు నీ మీద జాలి గూడ అయింది. దాచుడెందుకు? ఒక పుస్తకంల దయ్యం గురించి రాసినవు. "దాన్ని చూసి అందరు ఉరికేటోళ్లే. అది ఎందుకొచ్చిందని ఒక్కలన్న అడిగిన్రా?" అని. ఆ దినం అన్నం తినుకుంట అనుకున్న, వీనికి గూడ ఏదన్న నొప్పి ఉన్నదేమో, మారుతడేమో, మారిండేమో అని. మర్నాడే నీ మెసేజ్ వచ్చింది. "ఏ కిటికీ దగ్గర పండుకుంటవు చెల్లే?"

గంతే. జాలి గట్లనే ఎండిపోయింది.

ఇగ ఎన్ని దినాలు గీ నాటకం అని, పోయిన వారం నేనే పైలాన్ కనవడేటట్టు ఫోటో వెట్టిన. మా గేటు గూడ కనవడేటట్టు పెట్టిన. వస్తవని తెలుసు. వచ్చినవు. నీ మొకం జూసి చెప్పాల్నని పిలిచిన, అల్లుడా. నిరోష ఈడ లేదు. అనూహ్య లేదు. స్వరూప లేదు. నీ మెసేజులన్ని ఒక ఆడ వకీలు దగ్గరున్నయి. ఇగ దేవులాడుడు బందువెట్టి నీ బతుకు నువ్వు బతుకు.

ఏడికి పోయిందా? అడిగితివా! చెప్పనా?

నాకు తెల్వది.

గుడ్లురిమినా గంతే. నా పీక పిసికినా ఊరు పేరు రాదు, లేనిది ఎట్లొస్తది? గప్పుడే ఒకనాడు పొద్దుగాల బస్సు ఎక్కిచ్చిన. మాచెర్ల దిక్కు పోయిందో, దేవరకొండ దిక్కు పోయిందో. అది మెట్టెక్కి "పెద్దమ్మా, నేను..." అని చెప్పబోతే, నోటికి చెయ్యి అడ్డం పెట్టిన. చెప్పకు బిడ్డా, నేను ముసల్దాన్ని, ఏదన్న ఒకనాడు ఎవలన్న గట్టిగడిగితే చెప్పేస్తనేమో అన్న. బస్సు ముంగట బోర్డు ఉంటది గదా? చదువకుండ మొకం తిప్పుకున్న. ఇన్నేండ్లు ఆఫీసు కాగితాలు చదివిన కండ్లు, దయ్యాల పుస్తకాలు చదివిన కండ్లు, ఆ ఒక్క బోర్డు చదువలె. మళ్ల ఫోన్ల పుస్తకాల జోలికి పోకు అని ఒట్టేయిచ్చుకున్న. ఉన్న ఒక్క సుఖం గూడ నేనే గుంజుకొని పంపిచ్చిన.

ఏంది, నవ్వుతున్నవు?

నవ్వెందుకొస్తాంది అల్లుడా? నేను చెప్పిందాంట్ల నవ్వెడిదేమున్నది?

ఏంది ఆ ఫోను? నాకెందుకు చూపెడ్తవు? ఆగు, అద్దాలు పెట్టుకోని... ఆఁ. గుంపే గదా. ఎవలో కొత్తగ చేరిన్రు. తిరుమల అట. ఉంటరు, రోజుకొకలు చేరుతరు. ఏదో బుగులు పుస్తకం చదివిందట, సుక్కలేసింది. అయితేంది?

కిందికి జరుపుడెందుకు? చదువుతున్న, చదువుతున్నలే.

"...బాయికాడికి పోయే పిచ్చిది గీ పుస్తకంల గూడ ఉన్నది. మా పెద్దమ్మకు చదివి వినిపిస్తే ఎంత తిట్టేదో. పక్కన తిట్టే మనిషి లేకపోతే దయ్యం గూడ సప్పగున్నది..."

...

నేనే రాసిన అది.

ఔ, నేనే! ఎందుకు కాదు? అనూహ్య పేరు మీద రాసినదాన్ని తిరుమల పేరు మీద రాయలేనా? నిన్ను తిప్పలు పెట్టాల్నని రాసిన. ఒకటి కాదు, ఇంక నాలుగు పేర్లున్నయి నాకు. పో, అన్నిటెంబడి తిరుగు.

షుగరున్న మనిషిని, పొద్దుటిసంది తినలె. చాయ్ ఒలికితే ఒలికింది, నీ మీద పడ్డదా ఏంది? నీళ్లు... నా కండ్లల్ల నీళ్లెక్కడియి? అద్దాలు మారినంక గట్లనే కారుతయి.

ఓహో. గందుకొచ్చినవా నువ్వు?

ఫోటో జూసి రాలేదన్నట్టు. రాసేది నేనని నీకు ఎప్పుడో సమజైంది. గిది నాకు చూపెట్టి, తిరుమల అంటే నిరోషేనా అని నా మొకం జూద్దామని వచ్చినవు. గంతేనా? జూసినవా మరి? నీక్కావల్సింది దొరికిందా నా మొకంల?

కూసో. చాయ్ మళ్ల పెడ్త, కూసో. అల్లుడా, నీ కాళ్లు మొక్కుత... వద్దు, మొక్క. ఇంకో ముచ్చటున్నది, చెప్పలేదు నీకు, జర కూసో... దివాకరూ!

విజేందరూ! పట్టుకోకురా, పోనియ్యి. పట్టుకొని ఏం చేస్తవ్? ఎన్నొద్దులు కట్టేసి పెడ్తవ్? బండి పోతాంది, పోనియ్యి.

ఇటు రా కొడుకా. గీ ఫోను పట్టు. ఆ పిల్లకు కబురియ్యాలె. ఇప్పుడే ఇయ్యాలె. ఎట్లిస్తవురా? నంబరు వద్దంటిమి. ఊరు పేరు నేను చెప్పనియ్యకపోతి. ఆ గుంపుల ఒక్కటే తొవ్వ ఉన్నది దాని కాడికి, ఆడ వాడు కావలి కూసున్నడు. రాస్తే వాడు సదువుతడు. రాయకపోతే అది నా మీద బెంగతోటి ఇంకో పుస్తకం ముచ్చట పెడ్తది, అండ్ల వాడు దాని ఊరు దేవులాడుతడు.

ఏం రాయమంటవురా? సుక్కలేసి ఊకుందునా?